చెవులు కూడా మార్చుకోండి సార్!

కొత్త టీవీకి బిల్లు కట్టి కార్డు జేబులో పెట్టుకునేలోపే షోరూమ్ కుర్రాడు ఒక ప్రశ్న వేస్తాడు. "సౌండ్‌కి ఏం వాడుతున్నారు సార్?" మీరు అమాయకంగా ఉన్నమాట చెప్పేస్తారు. ఇంట్లో హోమ్ థియేటర్ ఉంది బాబూ, యాంప్లిఫయరు, ఐదు బాక్సులు, ఒక ఊఫరు, 2008లో కొన్నాం, ఇప్పటికీ బ్రహ్మాండంగా మోగుతోంది అంటారు. కుర్రాడు మిమ్మల్ని జాలిగా చూస్తాడు. పక్కన నిలబడ్డ మీ ఆవిణ్ని ఇంకా జాలిగా చూస్తాడు. "అది ఈ టీవీకి సపోర్ట్ చేయదు సార్. ఓల్డ్ టెక్నాలజీ."

ఈ తీర్పు చెప్పడానికి అతను మీ యాంప్లిఫయరు మోడల్ అడగలేదు. వెనక ఏ సాకెట్లున్నాయో అడగలేదు. కొన్న సంవత్సరం వినగానే తేల్చేశాడు. జాతకం చెప్పేవాడైనా పుట్టిన సంవత్సరంతో సరిపెట్టడు, తిథీ నక్షత్రం అడుగుతాడు.

కుర్రాణ్ని అని లాభం లేదు, నెలాఖరుకి అతని టార్గెట్ అతనికుంటుంది. నా తగువంతా ఆ మాటతోనే. టీవీ మారితే శబ్దం కూడా మారి తీరాలన్న మాట ఎంతగా చలామణీ అయిపోయిందంటే, ఇప్పుడు దాన్ని అమ్మేవాళ్లకన్నా కొనేవాళ్లే గట్టిగా చెబుతున్నారు. కొత్త ఫ్లాట్‌లో గృహప్రవేశానికి పిలిచి, తొంభై వేల టీవీ కింద జానెడు నల్లకర్రని, అదే సౌండ్‌బార్‌ని, చూపించి "పాతదంతా తీసి పారేశామండీ" అని గొప్పగా చెప్పుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు. పారేసింది ఎందుకని అడిగితే శబ్దం గురించి చెప్పేవాళ్లు అరుదు.

బొమ్మ సంగతి నేను కాదనను. దూరదర్శన్ రోజుల్లో మనం చూసిన బొమ్మ 576 గీతలు. ఇప్పటి 4కె బొమ్మ 2160 గీతలు. డబ్బా టీవీ పక్కన ఓఎల్‌ఈడీ పెడితే తేడా చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. కన్ను ఇంకా చూడగలదు కాబట్టి బొమ్మ ఎదగడానికి చోటుంది. మరి చెవి? మనిషి చెవికి వినబడేది సెకనుకు 20 నుంచి 20 వేల కంపనాల దాకా. వయసు మీద పడేకొద్దీ పైమెట్లు ఒక్కొక్కటీ రాలిపోతాయి. ఆ మెట్లన్నీ ఎక్కి దిగే శక్తి 1982లో మార్కెట్‌లోకి వచ్చిన సీడీకే ఉంది. ఇక స్పీకరు. కాగితపు గరాటు, దానికి అతికించిన రాగి తీగ చుట్ట, వెనక అయస్కాంతం. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు 1925లో లోకానికి చూపించిన పద్ధతి అది. ఇవాళ షోరూమ్‌లో ఏసీ గదిలో పెట్టి, దీపాలు ఆర్పి, హాలీవుడ్ పేలుడు వినిపించి లక్షన్నర చెప్పే బాక్సు మూత విప్పి చూడండి. లోపల అదే గరాటు, అదే చుట్ట, అదే అయస్కాంతం. వందేళ్లయింది. దాన్ని పట్టుకుని 2008 మోడల్ "ఓల్డ్ టెక్నాలజీ" అంటే, షోరూమ్‌లో ఉన్నదంతా ముత్తాత టెక్నాలజీయే.

అసలు ఈ మాట సినిమా హాళ్లవాళ్లకి చెప్పి చూడాల్సింది. 1993లో జురాసిక్ పార్క్ డీటీఎస్‌తో వచ్చింది. మన ఊళ్ల పోస్టర్ల మీద ఆ మూడక్షరాలు హీరో పేరంత పెద్దగా వేసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ పద్ధతిలో శబ్దం ఫిల్ము మీద ఉండేది కాదు. ఫిల్ము అంచున సమయం చెప్పే గుర్తులు మాత్రం ఉండేవి, అసలు శబ్దం విడిగా సీడీల మీద వచ్చేది. ప్రొజెక్టర్ గదిలో ఒక మూల ఫిల్ము తిరుగుతుంటే ఇంకో మూల సీడీ తిరిగేది, రెండూ కలిసి నడిచేవి. హాలు యజమాని పాత ప్రొజెక్టర్‌ను పారేయకుండా ఒక రీడరు, ఒక డబ్బా తగిలించి శబ్దం మార్చుకున్నాడు. తర్వాత పదిహేను ఇరవయ్యేళ్లకు ఫిల్మే పోయింది, డిజిటల్ ప్రొజెక్టర్లొచ్చాయి. అప్పుడు చాలా హాళ్లలో బొమ్మ మారింది గానీ తెర వెనక నిలువెత్తు స్పీకర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కోట్లు పెట్టి వ్యాపారం చేసే మనిషి బొమ్మనీ శబ్దాన్నీ వేరువేరు ఖాతాల్లో రాసుకుంటున్నాడు. ఆ రెంటినీ ముడివేసి ఒకే బిల్లులో కట్టేది మనమొక్కళ్లమే.

సరే, సాకెట్ల పురాణానికి వద్దాం. భయపెట్టేదంతా అక్కడే ఉంది.

మీ కొత్త టీవీ వెనక్కి వెళ్లి టార్చి వేసి చూడండి. చాలా టీవీలకి అక్కడ చిన్న చదరపు రంధ్రం ఉంటుంది, పక్కన "ఆప్టికల్" అని ఉంటుంది. సన్నటి ప్లాస్టిక్ దారం గుండా ఎర్రటి వెలుగు రూపంలో శబ్దం వెళ్లే దారి అది. 1983లో తోషిబా వాళ్లు సీడీ ప్లేయర్ల కోసం తెచ్చారు. మీ 2008 యాంప్లిఫయరు వెనక కూడా అదే చదరపు రంధ్రం ఉంటుంది. ఒక దారం కొని ఆ రంధ్రం నుంచి ఈ రంధ్రానికి వేస్తే కథ ముగిసింది. డీవీడీల కాలం నాటి 5.1 డాల్బీ డిజిటల్, డీటీఎస్ ఆ దారిలో హాయిగా వెళ్తాయి. కుర్రాడు ఈ సంగతి ఎందుకు చెప్పడంటే, ఆ దారం ఖరీదు మీద అతనికి టీ ఖర్చు కూడా మిగలదు.

హెచ్‌డీఎంఐ కథ ఇంకొంచెం వేరు. అది 2002 చివర్లో పుట్టింది. టీవీలోంచి శబ్దాన్ని వెనక్కి యాంప్లిఫయరుకి పంపే ఆర్క్ అనే దారి 2009లో, దాన్ని వెడల్పు చేసిన ఈఆర్క్ 2017లో వచ్చాయి. 2008 నాటి యాంప్లిఫయరుకి హెచ్‌డీఎంఐ ఉన్నా దాని గుండా 4కె బొమ్మ పోదు. కుర్రాడు చెప్పిన "సపోర్ట్ చేయదు"లో నిజం ఇదొక్క ముక్క. అయితే బొమ్మని యాంప్లిఫయరు గుండా తిప్పి టీవీకి తీసుకెళ్లమని ఎవరు ఒట్టు పెట్టారు? సెట్‌టాప్ బాక్సు, ప్లేయరు, ఓటీటీ పుల్ల అన్నీ నేరుగా టీవీకే గుచ్చండి. బొమ్మ అక్కడే ఆగుతుంది. శబ్దం మాత్రం దారం పట్టుకుని యాంప్లిఫయరుకి వస్తుంది. మీది ఇంకా పాతదైతే, నాన్నగారి కాలం నాటి రెండు బాక్సుల స్టీరియో అయితే, వెలుగుని మామూలు ఎరుపు తెలుపు పిన్నుల్లోకి మార్చే అగ్గిపెట్టెంత డబ్బాలు దొరుకుతాయి. కోఠి గుజరాతీ గల్లీలో ఏ దుకాణంలో అడిగినా ఇస్తారు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకునే రకం కాకపోతే, ఆ డబ్బా ఖర్చుతో గట్టెక్కుతారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మతలబు ఉంది. దారం వేసిన తర్వాత ముందు రెండు బాక్సులే మోగి మిగతావి నోరు మూసుకుంటాయి. "చూశావా, సపోర్ట్ చేయదన్నాడు కదా" అని ఇంట్లో తగాదా మొదలవుతుంది. టీవీ సెట్టింగుల్లో సౌండ్ కిందకి వెళ్లి చూడండి. డిజిటల్ ఆడియో అన్నచోట "పీసీఎం" అని ఉంటుంది. ఆ మాట ఉన్నంతకాలం ఆ దారం గుండా రెండు బాక్సుల శబ్దమే పోతుంది. దాన్ని "ఆటో" అనో "డాల్బీ డిజిటల్" అనో మారిస్తే చాలా టీవీల్లో మిగతా బాక్సులు కూడా నిద్ర లేస్తాయి. పెదవులు ఒకలా కదిలి మాట ఒకలా వినబడుతుంటే అక్కడే డిలే అనే మీట ఉంటుంది. ఈ రెండు మీటలు తెలియక ఎన్ని యాంప్లిఫయర్లు పాతసామాన్ల తోపుబండి ఎక్కాయో!

ఇంతదాకా వచ్చేసరికి కుర్రాడు బ్రహ్మాస్త్రం తీస్తాడు. "అట్మాస్ రాదు కదా సార్!"

రాదు. ఒప్పుకున్నాను. ఆ చదరపు రంధ్రం గుండా డాల్బీ అట్మాస్ పోదు. 2012లో బ్రేవ్ అనే యానిమేషన్ సినిమాతో హాళ్లలోకి వచ్చిన పద్ధతి అది. శబ్దాన్ని చుట్టూనే కాకుండా నెత్తి మీద కూడా కదిలిస్తుంది. మంచి హాల్లో విని తీరాల్సిందే. ఇల్లు కట్టేటప్పుడే కప్పులో నాలుగు స్పీకర్లకి తీగలు లాగించి, గదిని దానికోసమే కేటాయించుకోగలిగినవాళ్లు తప్పకుండా కొత్త యాంప్లిఫయరు కొనుక్కోవాలి. నేను మాట్లాడేది మిగతా మనందరి గురించి. మన హాలు కప్పు మధ్యలో ఏముంటుంది? ఫ్యాను. దాని చుట్టూ పీఓపీ పువ్వులు, మెట్లు, మెట్లలో దాక్కున్న లైట్లు. ఆ నల్లకర్రలోంచి శబ్దాన్ని పైకి విసిరితే అది చదునైన కప్పుకి తగిలి నెత్తిమీద పడుతుందని కంపెనీ బొమ్మలో గీస్తుంది. బొమ్మలో ఫ్యాను ఉండదు. హెలికాప్టర్ నెత్తి మీదుగా వెళ్లే అనుభూతి కావాలంటే ఆ ఫ్యానుని మూడో నంబరులో పెట్టుకోవచ్చు, అది ఉచితం.

పైగా ఓటీటీలో వచ్చే అట్మాస్ ఎంత లావుగా ఉంటుందో ఎవరైనా చెప్పారా? నెట్‌ఫ్లిక్స్ 2019లో తానే బయటపెట్టిన లెక్క ప్రకారం అట్మాస్‌కి గరిష్ఠంగా సెకనుకు 768 కిలోబిట్లు, మామూలు 5.1కి గరిష్ఠంగా 640. మీరు అటకెక్కించిన డీవీడీలో 5.1కి 448 దాకా ఉండేది. ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఏమీ కాదది. ఇంకో తమాషా, ఈ ఓటీటీ అట్మాస్ మామూలు ఆర్క్ దారిలోనే పోతుంది, దానికి ఈఆర్క్ అక్కర్లేదు. ఈఆర్క్ కావాల్సింది బ్లూ-రే డిస్కుల మీద ఉండే బరువైన శబ్దానికి. మన వీధిలో బ్లూ-రే డిస్కులు కొనేవాళ్లు ఎందరున్నారో మీరే లెక్కపెట్టుకోండి. నాకు వేళ్లు మిగిలిపోయాయి.

ఇంతకీ ఆ టీవీలో మనం చూసేదేమిటి? పొద్దున భక్తి, మధ్యాహ్నం సీరియల్. సీరియల్లో అత్తగారి ముఖం మూడు కోణాల్లో తిరిగేటప్పుడు మూడు ఢమాలులొస్తాయి, మూడూ ఒకే దిక్కు నుంచి. రాత్రి తొమ్మిదికి వార్తల చర్చ, అందులో ఆరుగురు ఒకేసారి అరుస్తారు. ఆ ఆరుగుర్ని ఆరు దిక్కుల నుంచి, ఒకణ్ని నెత్తిమీద నుంచి వినాలన్న కోరిక ఏ శత్రువుకీ వద్దు. ఆదివారం పాత సినిమా పెడతాం. 1957 నాటి మాయాబజార్ శబ్దం ఒకే పాయ. ఎస్వీ రంగారావు గొంతుకి కావాల్సింది ఎదురుగా నిలబడి నిజాయితీగా పలికే ఒక మంచి బాక్సు. అది మీ ఇంట్లో ఇప్పటికే ఉంది.

"డైలాగులు వినబడట్లేదండీ, అందుకే మార్చాం" అనేవాళ్లూ ఉన్నారు. ఈ బాధ నిజమైనదే. మాటలప్పుడు పెంచాలి, ఫైటు రాగానే పక్కింటివాళ్లకి భయపడి తగ్గించాలి, రిమోట్ చేతిలోంచి దిగదు. దీనికి కారణాలు రెండు. టీవీ పలచబడేకొద్దీ దాని స్పీకర్లు ముందు నుంచి కిందికీ వెనక్కీ జారిపోయాయి, మాట మీ వైపు కాకుండా గోడ వైపు వెళ్తోంది. రెండోది, సినిమా శబ్దం పెద్ద హాలుకి కలుపుతారు, గుసగుసకీ పేలుడుకీ మధ్య చాలా దూరం ఉంచుతారు. ఈ రెండింటికీ విరుగుడు పాత యాంప్లిఫయరులోనే ఉంది. మధ్య బాక్సుని రెండు మూడు డెసిబెల్స్ పెంచుకునే మీట, గుసగుసకీ పేలుడుకీ దూరం తగ్గించే నైట్ మోడ్ అనే మీట. రెండూ ఆ మాన్యువల్లో రాసి ఉన్నాయి. ఆ మాన్యువల్ కవరు చింపనే లేదు, బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన భద్రంగా ఉంది.

ఇక వాట్ల సంగతి. ఈ విషయంలో మనల్ని మోసం చేసినంత ధైర్యంగా ఇంకెక్కడా ఎవరూ మోసం చేయలేదు. పీఎంపీఓ అనే మాట గుర్తుందా? అరచేయంత రెండు బాక్సుల మీద "2000 వాట్స్ పీఎంపీఓ" అని వెండి అక్షరాలతో స్టిక్కరు. అదే సెట్టుకి ఇచ్చిన అడాప్టర్ తిప్పి చూస్తే 12 వోల్టులు, 2 ఆంపియర్లు. గుణిస్తే 24 వాట్లు. ఇరవై నాలుగు లోపలికి పోయి రెండు వేలు బయటికొస్తోంది! ఆ లెక్కన మన వీధిలోని సెట్లన్నీ ఒకచోట పేర్చితే శ్రీశైలం పవర్‌హౌస్‌కి తాళం వేసుకోవచ్చు. పీఎంపీఓకి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు. ఎవరికి నచ్చిన సున్నాలు వాళ్లు పెట్టుకున్నారు. ఇప్పుడా పదం కొంచెం సిగ్గుపడి తప్పుకుంది గానీ దాని వారసులు సౌండ్‌బార్ డబ్బాల మీద కాపురం చేస్తూనే ఉన్నారు. అన్ని స్పీకర్ల అంకెలూ కూడి, మధ్యలో అనుకూలమైన చోట కొలిచి, లావుపాటి అంకె ముందు వేస్తారు.

నిజానికి ఇంట్లో టీవీ చూసేటప్పుడు ఖర్చయ్యేది ఎంతో తెలుసా? ఓ మోస్తరు పాత బాక్సు ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 88, 90 డెసిబెల్స్ మోగుతుంది. అది పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టే శబ్దం. మనం మామూలుగా వినేది అందులో పిసరంత, వాట్‌లో చిన్న భాగం. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు పది రెట్లు శక్తి కావాలి. కాబట్టి 60 వాట్ల పాతదాన్ని పారేసి 120 వాట్ల కొత్తది తెస్తే వచ్చే తేడా మూడు డెసిబెల్స్. ఆపాటి తేడా కావాలంటే కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నా వస్తుంది.

నల్లకర్ర గురించి కూడా నాలుగు మాటలు. బేస్ అంటే గాలిని తొయ్యడం. ఎక్కువ గాలిని తొయ్యాలంటే పెద్ద గరాటు కావాలి, దాని వెనక పెద్ద పెట్టె కావాలి. దీనికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లేదు. జానెడు ఎత్తులేని గొట్టంలో రెండంగుళాల గరాటులు ఆరు దూర్చి, "వర్చువల్ సరౌండ్" అని పేరు పెట్టి, మీ వెనక లేని స్పీకర్లు ఉన్నట్టు నమ్మించే ప్రయత్నం అది. కొన్ని బాగానే నమ్మిస్తాయి, కాదనను. టీవీ సొంత గొంతుకన్నా నల్లకర్ర మేలే. ఇంట్లో ఏమీ లేనివాడు కొనుక్కుంటే తప్పుపట్టను. ఎనిమిదంగుళాల ఊఫరున్న నిలువెత్తు బాక్సుల్ని మెట్ల కింద పెట్టి దాని స్థానంలో దీన్ని తెచ్చి "అప్‌గ్రేడ్" అనేవాళ్లని చూస్తేనే నోరు ఊరుకోదు.

మరి అసలు దోషి ఎవరు? షోరూమ్ కుర్రాడు కాదు, కంపెనీ కూడా కాదు. ఇంటీరియర్ మనిషి.

ఆయన ల్యాప్‌టాప్‌లో మీ హాలు త్రీడీ బొమ్మ చూపిస్తాడు. టీవీ గోడ పొడుగునా లౌవర్ ప్యానెల్, అంచుల్లో ప్రొఫైల్ లైటు, మధ్యలో తేలియాడే టీవీ, కింద గోడకి వేలాడే సన్నటి అర. అర మీద ఒక బుద్ధుడు, రెండు ప్లాస్టిక్ మొక్కలు. ఒక్క తీగ కనబడదు. "మా బాక్సులు ఎక్కడ పెట్టాలండీ?" అని మీరు భయంభయంగా అడుగుతారు. ఆయన ముఖం మీ చెప్పులు పూజగదిలో పెట్టమన్నట్టు మారుతుంది. "లుక్ పోతుంది సార్." ఆ క్షణంలోనే మీ యాంప్లిఫయరుకి నూకలు చెల్లిపోయాయి. ఆ తర్వాత షోరూమ్‌లో జరిగేది దహన సంస్కారం మాత్రమే. ఏ ఇంట్లో చూసినా పాత బాక్సులు పోవడానికి కారణం వాటి శబ్దం అయి ఉండదు, వాటి తీగలు అయి ఉంటాయి. ఆరు లక్షల ప్యానెల్ వేసే మనిషి, గోడ చెక్కేటప్పుడు రెండు పైపులు దాచి తీగలు లాగేయొచ్చని చెప్పడు. అడిగితే "ముందే చెప్పాల్సింది సార్" అంటాడు. ముందు చెప్పినవాడికి "తర్వాత చూద్దాం సార్" అని ఉంటాడు.

ఆయన చేసే అపకారం అంతటితో ఆగదు. నేలంతా నున్నటి విట్రిఫైడ్ పలకలు, ఒక గోడ మొత్తం అద్దం, సోఫా తప్ప మెత్తటి వస్తువు లేని గది. అందులో చప్పట్లు కొడితే గుళ్లో కొట్టినట్టు తిరిగొస్తాయి. అలాంటి గదిలో ఏ బాక్సు పెట్టినా మాట మసకబారుతుంది. కొత్త సెట్టుకి లక్ష పోసేముందు కిటికీకి మందపాటి తెర, నేల మీద తివాచీ, వెనక గోడకి పుస్తకాల అర పెట్టి చూడండి. అమ్మమ్మ కుట్టిన బొంత వేలాడేసినా ఫలితం ఉంటుంది, కాకపోతే లుక్ పోతుంది.

అలాగే, ఐదు బాక్సులూ టీవీ చుట్టూ ముత్తైదువుల్లా కూర్చోబెట్టిన ఇళ్లకి వెళ్లాను. వెనక ఉండాల్సిన రెండూ టీవీ నెత్తిన ఉంటాయి, మధ్యలో ఉండాల్సింది బీరువా మీద ఉంటుంది. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో సరౌండ్ వినబడలేదు. ఇప్పుడు "ఎఫెక్ట్ రావట్లేదు" అని కొత్తది కొంటున్నారు. దాన్నీ అక్కడే పెడతారు.

నిజంగా పాడైతే? పాడవుతుంది, యంత్రం కదా. ఊఫరు అంచున ఉండే ఫోమ్ రింగు ఏళ్లు గడిచేకొద్దీ పొడిగా రాలిపోతుంది, కొత్త రింగు అతికిస్తే మళ్లీ లేస్తుంది. లోపలి కెపాసిటర్లు ఎండిపోయి 'ఘుం' అని రొద మొదలవుతుంది, అవి రూపాయల వస్తువులు. వాల్యూమ్ తిప్పితే బరబరమంటే ఒకసారి క్లీనర్ స్ప్రే కొట్టాలి. హెచ్‌డీఎంఐ బోర్డు కాలిపోయినా చాలాసార్లు ఆప్టికల్, పిన్నులు పనిచేస్తూనే ఉంటాయి. గల్లీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మూత విప్పి చూసి "దీనికేం గాలే సార్, కెపాసిటర్ పోయింది, రేపు రాండ్రి" అంటాడు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే "స్పేర్లు రావట్లేదు సార్, ఎక్స్ఛేంజ్ చేయండి" అంటారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో బాగుచేయించుకునే హక్కు పేరుతో ఒక పోర్టల్ కూడా పెట్టింది. హక్కు వచ్చింది. ఆ మెకానిక్ కొడుకు మాత్రం తండ్రి పని నేర్చుకోకుండా మొబైల్ కవర్లు అమ్ముతున్నాడు.

ఒక్క జాగ్రత్త. అమెరికా నుంచి అబ్బాయి ప్రేమగా మోసుకొచ్చిన పాత యాంప్లిఫయరుంటే, వెనక 120 వోల్టులని రాసి ఉందేమో చూసుకోండి. మన 230 వోల్టుల గోడకి నేరుగా గుచ్చితే అది చేసే మొట్టమొదటి శబ్దమే చిట్టచివరిది అవుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ఇంతా చదివి "అందుకే పాతదే బంగారం" అని చంకలు గుద్దుకుంటున్న పెద్దమనుషులున్నారు, వాళ్లనీ వదలను. డెబ్బైల నాటి యాంప్లిఫయరులో "వెచ్చదనం" వినేవాళ్లు వీళ్లు. ఆ వెచ్చదనం చాలామటుకు దాని ట్రాన్స్‌ఫార్మర్‌ది, చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. వీళ్లు మీటరు ఇరవై వేల స్పీకరు తీగ కొంటారు, అందులో కరెంటు ఏ దిక్కుకి పోవాలో బాణం గుర్తు ఉంటుంది. స్పీకరు తీగలో కరెంటు సెకనుకి వేలసార్లు అటూ ఇటూ తిరుగుతుందని ఆ బాణానికి ఎవరూ చెప్పలేదు. ఇళ్ల వైరింగ్‌కి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్‌ల నిరోధం. బాక్సు ఐదు మీటర్ల దూరంలో ఉంటే, పోయే తీగ, వచ్చే తీగ కలిపి పది మీటర్లు, అంటే 0.074 ఓమ్. బాక్సు 8 ఓమ్‌లు. నూటికి ఒక వంతు కూడా లేదు. ఎలక్ట్రికల్ షాపులో ఎర్రతీగ, నల్లతీగ కొనుక్కుని మిగిలిన డబ్బుతో తిరుపతి వెళ్లి రావచ్చు. బంగారు పూత హెచ్‌డీఎంఐ కేబుళ్లూ అంతే. అందులో పోయేవి ఒకట్లూ సున్నాలూ, చేరితే పూర్తిగా చేరతాయి, చేరకపోతే బొమ్మ మినుకుమినుకుమంటూ చెడిపోతుంది. ఒకటిని ఇంకొంచెం అందమైన ఒకటిగా మార్చే లోహం ఇంకా పుట్టలేదు. బంగారం మీద అంత మోజుంటే అక్షయ తృతీయ దాకా ఆగండి.

ఇదంతా చెప్పినా మీ ఆవిడ "ఏమండీ, ఎక్స్ఛేంజ్‌లో పన్నెండొందలు ఇస్తామంటున్నారు, ఇచ్చేద్దాం" అంటారని నాకు తెలుసు. సరే, ఇచ్చేయండి. తొందరపడకుండా, ఇన్‌స్టాలేషన్ రోజున మాత్రం ఇంట్లోనే ఉండండి. కంపెనీ తరఫున ఒక కుర్రాడొస్తాడు. గోడకి డ్రిల్లు వేస్తాడు, టీవీ తగిలిస్తాడు, నల్లకర్ర బిగిస్తాడు, హాలీవుడ్ పేలుడు వినిపిస్తాడు. "సూపర్ కదా అంకుల్" అంటాడు. మీ చేత యాప్‌లో ఐదు నక్షత్రాలు కొట్టించుకుంటాడు. టీ తాగుతూ, మెట్ల కింద పెట్టిన పాత బాక్సుల దగ్గరికి వెళ్లి, చెక్క మీద వేలితో రెండుసార్లు తట్టి, గరాటుని మెల్లగా లోపలికి నొక్కి చూసి, గొంతు తగ్గించి అడుగుతాడు: "అంకుల్, ఇవి షాపుకే ఇచ్చేస్తున్నారా? వాళ్లు ఇచ్చేదానికి ఇంకో వెయ్యి నేనిస్తాను. ఆటో కూడా నేనే పిలుచుకుంటా."